జోగయ్య సాక్ష్యంలో రెండో సగం

తోటవలస రెల్లి వీధి చివర రేకుల చర్చి ఉంది. అక్కడ నెలకో ఆదివారం సాక్ష్యాల ఆదివారం. దేవుడు ఎవరికేం చేశాడో వాళ్లే లేచి చెప్పుకోవాలి. జ్వరం తగ్గిందని ఒకామె చెప్తుంది, తప్పిపోయిన మేక దొరికిందని ఇంకొకాయన చెప్తాడు, అలిగిన కోడలు మళ్లీ మాట్లాడుతోందని ఒక ముసలమ్మ కళ్లొత్తుకుంటుంది. అవన్నీ అయ్యాక అందరూ మగాళ్ల వైపు తిరిగి చూసేది జోగయ్య కోసం. జోగయ్య లేచి, తువ్వాలు భుజం మీంచి తీసి చేతిలో పట్టుకుంటే చాలు, చాపల మీద పిల్లలు సర్దుకుని కూర్చునేవారు.

"నాను తాగుబోతుని," అని మొదలెట్టేవాడు. "సిన్న తాగుబోతుని కాదు. పొద్దు పొడిస్తే తాగీవోడ్ని, పొద్దు గూకితే తాగీవోడ్ని. నా పెళ్లాం సెవుల దుద్దులు లాగీసి తాగినాను. నా కూతురు బడి సంచీ అమ్మీసి తాగినాను. కాలవ గట్టున పడుంటే కుక్కలొచ్చి, వాసన సూసి, వీడు మనకెందుకురా అనుకోని ఎల్లిపోయీవి."

కుక్కల దగ్గరికొచ్చేసరికి చర్చంతా నవ్వేది. పిల్లలకి మొత్తం నోటికొచ్చు, ఆయనతో పాటు పెదాలు కదిపేవారు. అలా పావుగంట తన్ను తనే తిట్టుకుని, ఆఖర్న గొంతు తగ్గించేవాడు. "ఒకనాడు ఈ సర్చి గుమ్మంలోనే పడున్నాను. లోపల పాట పాడతన్నారు. ఎవులో సెయ్యి పట్టుకుని లేపినట్టయినాది. సూస్తే ఎవులూ నేరు. మరింక ముట్టుకోనేదు." అంతే, కూర్చునేవాడు. జనం హల్లెలూయ అనేవారు.

ఆయన పెళ్లాం కూర్మమ్మకి మాత్రం తల కొట్టేసినట్టుండేది. ఇంటికొచ్చి సాధించేది. "దుద్దుల గురించి సెప్పాలేటి? నెలనెలా నా సెవులు సూస్తన్నారు జనం!"

"ఎంత లోతున పడున్నానో సెప్పకపోతే, ఎంత పైకి లాగినాడో ఆలకెలాగ తెలుస్తాదే?" అనేవాడు జోగయ్య, అన్నం కలుపుకుంటూ.

చర్చిలో అదే పద్ధతి. సాక్ష్యానికి రెండు సగాలు. మొదటి సగంలో ఎంత పాడైపోయావో దాచకుండా చెప్పాలి, సిగ్గుపడకూడదు. రెండో సగంలో దేవుడు మార్చిన సంగతి చెప్పాలి. మొదటిది దాచితే దేవుడి పని దాచినట్టే. కూర్మమ్మకీ ఆ సంగతి తెలుసు. తెలిసే సణిగేది. ఆ సణుగుడు వెనక బోలెడు గర్వం ఉండేది, అదీ నిజమే. తాగి తన్నే మొగుడు తాగడం మానేసి, తెల్లారి లేచి పొయ్యి రాజేసి టీ పెట్టి ఇస్తుంటే ఏ ఆడదానికి గర్వం ఉండదు?

వాళ్ల పని పంచాయతీలో వీధులూడ్చడం, చెత్త ఎత్తడం. జోగయ్యకి ఇంకో పని కూడా ఉండేది, మరుగుదొడ్ల ట్యాంకులు నిండిపోతే దిగి తోడడం. ఆ పనికి దిగేవాళ్లు తాగకుండా దిగరు. తాగకుండా ఎలా దిగుతారు? పైన నిలబడ్డవాళ్లే కంపుకి ముక్కులు మూసుకుని పారిపోతారే! జోగయ్య మాత్రం బాప్తిస్మం తీసుకున్న నాటినుంచి మందు చుక్క లేకుండా దిగేవాడు. ముక్కుకి తువ్వాలు బిగించి, మూత పక్కన మోకాళ్ల మీద కూర్చుని, ఒక్క నిమిషం కళ్లు మూసుకుని, దిగేవాడు. సాయంత్రం ఇంటికొచ్చి ఎన్ని బకెట్లు పోసుకున్నా వాసన పోదు. "తాగినప్పుడు ఈ కంపు తెలిసీది కాదే," అనేవాడు ఒక్కోసారి. అన్నం ముట్టకుండా పడుకునేవాడు. అయినా మందు షాపు వైపు తిరిగి చూసేవాడు కాదు. అందుకే ఆ వీధిలో జోగయ్యని సాక్ష్యం ఉన్న మనిషి అనేవారు. ఆస్తీ చదువూ లేని వీధిలో ఆ మాట ఎంత పెద్దదో అక్కడ పుట్టినవాళ్లకే తెలుస్తుంది.

ఎన్నికలొచ్చాయి. నరసింగరావు గారు ఎమ్మెల్యేగా నిలబడ్డారు. మిల్లులూ పొలాలూ ఉన్న కుటుంబం. భార్యకి పెద్ద జబ్బు చేసి తగ్గినప్పుడు ఆయన క్రీస్తుని నమ్ముకున్నారని ఊళ్లో అందరికీ తెలుసు. పెద్ద పెద్ద సువార్త సభల్లో వేదికెక్కి సాక్ష్యం చెప్తారని విన్నారు. అలాంటాయన ఒక ఆదివారం రెల్లి వీధికొచ్చి, చెప్పులు బయట విడిచి, చాప మీద కూర్చున్నారు. కుర్చీ వేస్తే వద్దన్నారు. ధర్మేంద్ర పాస్టరు గారు మైకిస్తే లేచి చెప్పారు.

"నేను గర్విష్ఠిని. కులం చూసి కుర్చీ వేసేవాణ్ణి. మా గుమ్మంలో మీలాంటివాళ్లు నిలబడితే నీళ్లు చల్లించేవాణ్ణి. దేవుడు నన్ను విరగ్గొట్టి మళ్లీ చేశాడు. దేవుడి పోలికలో పుట్టిన మనిషి ఇంకో మనిషి మలం ఎత్తడం పాపం. ఆ పాపం మా అందరిదీ. నేను గెలిస్తే ఈ వీధిలో ఒక్కడు కూడా ట్యాంకులో దిగడు."

ఓలమ్మ! చర్చి చర్చంతా ఏడ్చింది. కూర్మమ్మయితే కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఓట్ల కోసం కుట్టు మిషను ఇస్తానన్నవాళ్లున్నారు, ఇల్లిస్తానన్నవాళ్లున్నారు. పాపమని, అది తమదని అన్న పెద్దమనిషిని ఆమె బతుకులో చూడలేదు. ప్రార్థనయ్యాక ఆయన జోగయ్య ఇంటికొచ్చి మంచం మీద కూర్చుని టీ తాగారు. ఆ గ్లాసుని కూర్మమ్మ గుర్తుగా ఏమీ దాచుకోలేదు గానీ, వారం రోజులు వీధిలో ప్రతి గుమ్మం ఎక్కింది. "మన దేవుడి బిడ్డ. ఆ బాబు అబద్దమాడడు. నాది పూచీ," అని చెప్పింది. ఒక్క ఓటు కూడా చెయ్యి జారనివ్వలేదు.

ఆయన గెలిచారు. ట్యాంకులు తోడే మిషను లారీ వచ్చింది, రిబ్బను కత్తిరించారు, పాస్టరు గారు ప్రార్థన చేశారు. తర్వాత అది పంచాయతీ షెడ్డులో ఉండిపోయింది. డ్రైవరు లేడన్నారు, డీజిలు రాలేదన్నారు. ట్యాంకులు మాత్రం ఆగుతాయా? అవి నిండుతూనే ఉంటాయి. జోగయ్య దిగుతూనే ఉన్నాడు. నరసింగరావు గారు ఏదో సమావేశంలో "మా దగ్గర ట్యాంకుల్లో దిగే మనిషే లేడు" అన్నారని పేపర్లో వచ్చిందట. కూతురు రేఖ చదివి వినిపిస్తే జోగయ్య నవ్వాడు. "నాను మనిషిని కానేటే?" అన్నాడు. కూర్మమ్మకి నవ్వు రాలేదు. "ఆ బాబుకి ఎవులో తప్పు సెప్పుంటారు. ఆయనకి తెలిస్తే ఊరుకోడు," అంది.

రేఖ విజయనగరంలో బట్టల షాపులో పని చేస్తుంది. ఇంటర్ దాకా చదువుకున్న పిల్ల. తల్లి మాటకి ఎదురు చెప్పలేదు గానీ పేపరు మడిచి పక్కన పడేసింది.

నరసింగరావు గారి బావమరిది గిరిబాబుకి ఊరి బయట కల్యాణమండపం ఉంది. ఒకసారి అక్కడ మర్నాడు పెళ్లనగా ట్యాంకు పొంగిపోయింది. మిషను కోసం ఎవరూ షెడ్డు దాకా వెళ్లలేదు. మధ్యాహ్నం గిరిబాబు మనిషి బండేసుకుని వచ్చి జోగయ్యని ఎక్కించుకుపోయాడు. కంచంలో అన్నం సగంలో ఉంది. "బేగి వచ్చెస్తాను, మూసి ఉంచు," అన్నాడు జోగయ్య. లోపలి విషపు గాలి పోవడానికి మూత తీసి ఎంతసేపు వదిలారో, అసలు వదిలారో లేదో తెలీదు. దిగినవాడు దిగినట్టే ఉండిపోయాడు. తాళ్లేసి లాగేసరికే ప్రాణం లేదు.

ఆస్పత్రి వరండాలో కూర్మమ్మ గోడకానుకుని కూర్చుంది. ఏడుపు రావడంలేదు. అప్పుడు నరసింగరావు గారి కారు వచ్చింది. ఆయన దిగి, నేల మీదే ఆమె పక్కన కూర్చుని, తల మీద చెయ్యి వేసి ప్రార్థన చేశారు. చూసినవాళ్లు కళ్లు తుడుచుకున్నారు.

"జోగయ్య ప్రభువు దగ్గరున్నాడమ్మా. ఎంత మంచి సాక్ష్యం ఉన్నవాడు! చెప్పమ్మా, అందరూ వినాలి," అన్నారు.

అదిగో, అక్కడే జరిగింది పొరపాటు. ఇంకెవరైనా అయితే "మా ఆయన బంగారం" అని ఏడ్చుండేవారు. కూర్మమ్మకి సాక్ష్యమంటే ఒకటే పద్ధతి తెలుసు. పద్దెనిమిదేళ్లుగా విన్నది, సణుక్కుంటూనే గుండెలో దాచుకున్నది, మొగుడి మాటల్లోనే అప్పచెప్పింది. "తాగుబోతు బాబూ. సిన్న తాగుబోతు కాదు. పొద్దు పొడిస్తే తాగీవోడు, పొద్దు గూకితే తాగీవోడు. నా సెవుల దుద్దులు లాగీసి తాగినాడు..." అలా చెప్పుకుంటూ, కుక్కల సంగతి కూడా వదలకుండా చెప్పి, చర్చి గుమ్మం దగ్గరికొచ్చింది. "దేవుడు లేపినాడు బాబూ. మరి సచ్చిందాకా ముట్టుకోనేదు." అంది. చుట్టూ నాలుగైదు ఫోన్లు ఎత్తి పట్టుకునున్నాయి. ఆమె అవి చూసింది. మంచిదే, లోకమంతా వినాలి అనుకుంది.

మర్నాడు పొద్దున్నే లోకమంతా విన్నది. మొదటి సగం. "కాలవ గట్టున పడుంటే" దగ్గర వీడియో ఆగిపోయింది. కింద రాత, భర్త తాగుబోతని భార్యే చెప్పిందని. మధ్యాహ్నానికి నరసింగరావు గారు మైకుల ముందు నిలబడ్డారు. "చాలా బాధాకరం. జోగయ్య నాకు సోదరుడు. ఆయన్ని ఎవరూ ట్యాంకులో దింపలేదు. ఆయనకి అలవాటుందని కుటుంబమే చెప్తోంది. మూత పక్కన కాలు జారింది. తాగుడు ఎన్ని కాపురాలు కూలుస్తోందో మనందరం ఆలోచించాలి," అన్నారు. ఎంత నెమ్మదిగా అన్నారో! దాని తర్వాత గిరిబాబు మీద కేసూ లేదు, ఏమీ లేదు.

రేఖ ఫోను నేలకేసి కొట్టబోయి ఆగింది. "అమ్మా, నీ నోటితోనే నాన్నని సంపీసినారే," అంది.

"కాదే. ఎవులో కుర్ర గుంటలు కత్తిరించి పెట్టినారు. ఆ బాబు మొత్తం సూసుండడు. సూస్తే ఆయనకి తెలీదేటి సాక్ష్యం ఎలా సెప్తారో? ఆయనే సెప్తాడు కదా!" అంది కూర్మమ్మ. ఆ మాట అన్నాక తనకే తట్టింది. అవును, ఆయనకి తెలుసు. పక్కనే కూర్చుని మొత్తం విన్నాడు.

పాతిపెట్టడం జరిగింది. పాస్టరు గారు సమాధి దగ్గర జోగయ్య గురించి రెండు ముక్కలు కూడా చెప్పలేదు, పాట పాడించి ముగించారు. ఆ ఆదివారం చర్చిలో కూర్మమ్మ పక్కన చాప ఖాళీగా ఉండిపోయింది. వీధిలో గుసగుసలు మొదలయ్యాయి. "సాటుగా తాగీవోడేమోనే. లేకపోతే ఆడి పెళ్లామే ఎందుకు సెప్తాది?" అని బోరింగు దగ్గర లక్ష్మణమ్మ అన్న మాట కూర్మమ్మ చెవినే పడింది. జోగయ్య సాక్ష్యాన్ని నోటికి నేర్చుకున్న వీధే అది! రెండో సగం వాళ్లూ విన్నారు, పద్దెనిమిదేళ్లు విన్నారు. అయినా ఫోనులో ఉన్నదే నమ్మారు. ఈ కథ చెప్తున్న నాకైతే ఆ వీధి మీద కోపం ఇప్పటికీ చల్లారలేదు.

కూర్మమ్మ నరసింగరావు గారి ఇంటికి వెళ్లింది. గేటు దగ్గర చాలాసేపు కూర్చోబెట్టారు, తర్వాత ఆయనే పిలిపించారు. కుర్చీ వేయించారు. ఆమె కూర్చోలేదు.

"బాబూ, నాకు కేసొద్దు. డబ్బులొద్దు. గిరిబాబు గారు సల్లగా ఉండాల. ఆయన పిల్లలు సల్లగా ఉండాల. ఒక్కటే అడుగుతన్నాను. మా ఆయన తాగనేదని, ఆ రోజు తాగి నేడని, మీ నోటితో ఒక్క మాట సెప్పండి. రెండో సగం కూడా ఫోన్లలో ఏయించండి బాబూ."

ఆయనా మనిషే, ముఖంలో నెత్తురు లేదు. "అమ్మా, ఇంకేదైనా అడుగు. రేఖకి ఉద్యోగం అడుగు, ఇస్తాను. ఆ ఒక్క మాట చెప్తే తాగనివాడు ట్యాంకులోకెందుకెళ్లాడు, ఎవరు పంపారు అంటారు. అక్కడితో ఆగదు. రాజకీయం నీకు తెలీదు."

"మీరు దేవుడి బిడ్డలు కదా బాబూ."

"దేవుడికి తెలుసు కదమ్మా జోగయ్య ఎలాంటివాడో. మనుషులకి తెలిస్తే ఎంత, తెలియకపోతే ఎంత? క్షమించు. క్షమించమనే కదా ప్రభువు చెప్పాడు. రా, ప్రార్థన చేసుకుందాం," అని తల మీద చెయ్యి వేశారు. కూర్మమ్మ తల వంచింది. వంచకుండా ఎలా ఉండాలో ఆమెకి ఎవరూ నేర్పలేదు.

నెల తిరిగాక చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. చనిపోయినవాళ్లని తలుచుకుని పాటలు పాడి, సాక్ష్యాలు చెప్పి, వచ్చినవాళ్లకి భోజనం పెట్టడం అక్కడి ఆచారం. షామియానా, భోజనాలు నరసింగరావు గారు పంపించారు. రేఖ మొండికేసింది. "ఆ అన్నం మనింటి ముందు దింపితే నాను ఇంట్లోంచి ఎల్లిపోతాను," అంది. కూర్మమ్మే బతిమాలింది. "ఆయనొస్తన్నాడంట. అందరి ముందూ నిలబడి మాటాడాల కదా. మందిరంలో, దేవుడి ముందు. ఇక్కడ సెప్తాడే. ఇక్కడ పేపరోళ్లు నేరు, మన వీధోళ్లే. ఈలకి తెలిస్తే నాకు సాలు." ఆ ఆశతోనే తెల్లచీర కట్టుకుని, ముందు వరసలో కూర్చుంది. పొద్దుటినుంచి మంచినీళ్లు కూడా ముట్టలేదు.

పాటలయ్యాయి. పాస్టరు గారు ఆయనకి మైకిచ్చారు. నరసింగరావు గారు లేచి చేతులు జోడించారు. "జోగయ్య నా సోదరుడు. ఆయన ఇంట్లో టీ తాగాను," అన్నారు. కూర్మమ్మ ముందుకి జరిగింది. ఇదిగో, ఇప్పుడు చెప్తాడు. ఆయన కళ్లు తుడుచుకున్నారు. "ఇలాంటి సమయంలో మనల్ని మనం పరీక్షించుకోవాలి. నా సంగతే చెప్తాను. నేను గర్విష్ఠిని. కులం చూసి కుర్చీ వేసేవాణ్ణి. మా గుమ్మంలో మీలాంటివాళ్లు నిలబడితే నీళ్లు చల్లించేవాణ్ణి..."

"ఆపండి బాబూ."

అందరూ ఎవరా అని చూశారు. కూర్మమ్మ లేచి నిలబడి ఉంది. చర్చిలో మధ్యలో లేచి మాట్లాడిన ఆడది కాదు ఆమె ఎప్పుడూ.

"అక్కడే ఆపీయండి. రెండో సగం సెప్పకండి. మా ఆయనకి అక్కడే ఆపీసినారు కదా. మీరూ అక్కడే ఆపీసుకోని కూకోండి."

ఒక్క క్షణం, నిజంగా ఒక్క క్షణం, నరసింగరావు గారు ఆ మాట చెప్పేస్తారనిపించింది. మైకు రెండు చేతులతో పట్టుకున్నారు. అప్పుడు ధర్మేంద్ర పాస్టరు గారు గబగబా లేచి, "అమ్మ దుఃఖంలో ఉంది, అందరం పాట పాడదాం," అని పాట ఎత్తుకున్నారు. డప్పు మోగింది. జనం గొంతు కలిపారు. లక్ష్మణమ్మ వచ్చి భుజాలు పట్టి కూర్మమ్మని కూర్చోబెట్టింది. రేఖ ఒక్కతే పాడకుండా తల్లి చెయ్యి పట్టుకుంది.

పాటయ్యేసరికి ఆయన తేరుకున్నారు. ఈసారి ఇంకా నెమ్మదిగా, ఇంకా తడిగొంతుతో మొదలెట్టారు. దేవుడు తనని ఎలా విరగ్గొట్టాడో, ఎలా మళ్లీ చేశాడో చెప్పారు. పూర్తిగా చెప్పారు, ఒక్క ముక్క వదలకుండా. జోగయ్య పేరు మళ్లీ ఎత్తలేదు. ఆఖర్న చేతులు పైకెత్తి, "అలాంటి పాపిని ఈ రోజు మీ ముందు నిలబెట్టినవాడికి స్తోత్రం!" అన్నారు.

"ఆమెన్!" అన్నారు అందరూ.

కూర్మమ్మ కూడా అంది. అందామని అనలేదు. ఇన్నేళ్లుగా స్తోత్రం వినపడితే నోరు దానంతటదే అనేస్తుంది, అలా అనేసింది. అన్నాక తన గొంతు తనకే వినబడింది. తల తిప్పి కూతురి ముఖంలోకి చూసింది. రేఖ అప్పటికే ఆమె చెయ్యి వదిలేసింది.

అప్పుడొచ్చింది ఏడుపు. మొగుడు పోయిన రోజు రానిది, పాతిపెట్టిన రోజు రానిది, చాప మీద బోర్లా పడి, నేల గుద్దుకుంటూ ఏడ్చింది. పరిశుద్ధాత్మ ముట్టుకున్నాడమ్మా అని చుట్టూ చేరి జనం చేతులెత్తి స్తుతించారు.